నవ్విస్తూ... నిలదీస్తూ!

*ఒకప్పుడు ఊళ్లోని సినిమా హాలు ఆ నల్లపిల్లాణ్ని గుమ్మం దగ్గరే ఆపేసింది. ఆ పిల్లాడే పెద్దయ్యాక న్యూయార్క్‌లో పేరుమోసిన ‘పబ్లిక్ థియేటర్’ పగ్గాలు పట్టాడు. బానిసత్వం మీద జోకులేసి తిట్లు తిన్నాడు, బ్రాడ్వే మీద చేతులు కాల్చుకున్నాడు, మళ్లీ లేచాడు. నాటక రచయిత, దర్శకుడు జార్జ్ సి. వుల్ఫ్ నాలుగు దశాబ్దాల ప్రయాణమిది.*

తెల్లటి గోడల వేదిక మీదికి గులాబీరంగు యూనిఫామ్‌లో ఓ ఎయిర్‌హోస్టెస్ వస్తుంది. పేరు మిస్ ప్యాట్. పెదాల మీద చెరగని చిరునవ్వు. ప్రయాణికులందరికీ స్వాగతం చెబుతుంది. విమానం బయల్దేరేది ఆఫ్రికాలోని గోల్డ్ కోస్ట్ నుంచి, చేరేది అమెరికాలోని సవానాకి. సీటు బెల్టులు పెట్టుకోమని చెప్పాల్సినచోట ఆమె సంకెళ్లు బిగించుకోమంటుంది. లోపల డప్పులు వాయించకూడదని హెచ్చరిస్తుంది. మధ్యలో విమానం తుపానులో చిక్కుకుంటుంది. గాలివాన తుపాను కాదది, కాలపు సుడి. కొన్ని వందల ఏళ్ల చరిత్ర కళ్లముందు గిర్రున తిరిగిపోతుంది. దిగేటప్పుడు ఎవరైనా సామాను మరిచిపోతే దాన్ని చెత్తలో పారేస్తామని అదే చిరునవ్వుతో చెప్పి సాగనంపుతుంది.

హాల్లో మొదట నవ్వులే నవ్వులు. ఎయిర్‌హోస్టెస్ గొంతులోని ఆ తెచ్చిపెట్టుకున్న తీపి, గాల్లో ఆ చేతుల తిప్పుడు అందరికీ తెలిసినవే కదా! కాసేపటికి, తాము నవ్వుతున్నది బానిసల ఓడను చూసని తడుతుంది. ఇంకాసేపటికి, ఆ ఓడలో ప్రయాణికులు తామేనని తడుతుంది. నవ్వు గొంతులో ఆగిపోతుంది.

1986లో వచ్చిన ‘ద కలర్డ్ మ్యూజియం’ నాటకంలో మొదటి ఘట్టమిది. రాసింది జార్జ్ సి. వుల్ఫ్. అప్పుడప్పుడే ముప్ఫైల్లో అడుగుపెట్టాడు. పేరు లేదు, డబ్బు లేదు, అంతకుముందు ఏడాదే ఓ ఫ్లాపు మూటగట్టుకున్నాడు. ఆ తర్వాత ఆయన ఎన్నో చేశాడు. జాజ్ సంగీతం మీద మ్యూజికల్ తీశాడు, ఎయిడ్స్ మహమ్మారి మీద ఏడుగంటల నాటకం నడిపాడు, సినిమాలు తీశాడు, చివరికి అసలుసిసలు మ్యూజియం గ్యాలరీనే రూపొందించాడు. అన్నింట్లో పద్ధతి మాత్రం ఒక్కటే. చరిత్రను అద్దాల పెట్టెలో పెట్టి దూరం నుంచి చూపించడు. చూసేవాళ్లను పట్టుకొచ్చి అందులో కూర్చోబెడతాడు. అక్కడ తెల్లవాళ్లకూ సీటుంది, తన వాళ్లకూ సీటుంది.

గుమ్మం దగ్గర ఆగిన పిల్లాడు

కెంటకీ రాష్ట్ర రాజధాని ఫ్రాంక్‌ఫర్ట్ చిన్న ఊరు. వుల్ఫ్ అక్కడే 1954 సెప్టెంబరు 23న పుట్టాడు. తండ్రి కాస్టెల్లో ప్రభుత్వోద్యోగి. తల్లి అన్నా టీచరు, తర్వాత ప్రిన్సిపాల్ అయింది. ఆ రోజుల్లో అమెరికా దక్షిణాదిలోనూ, దాని అంచు రాష్ట్రాల్లోనూ బడి వేరు, బస్సులో సీటు వేరు, సినిమా హాలు వేరు. డిస్నీవాళ్ల ‘101 డాల్మేషియన్స్’ ఊళ్లోకి వచ్చినప్పుడు చూడాలని పిల్లాడు తెగ ముచ్చటపడ్డాడు. నల్లవాళ్లకు ప్రవేశం లేదన్నారు. బొమ్మల సినిమాలో కుక్కపిల్లలను చూడ్డానికి కూడా తోలురంగు అడ్డొచ్చింది.

అయితే ఆయన బాల్యం అవమానాల చిట్టా ఏమీ కాదు. చదివింది నల్లపిల్లల బడిలో. అక్కడి టీచర్లు పిల్లలను ఎంతో గొప్పగా చూసుకునేవారు. చిన్న తరగతుల్లో జరిగిన ఓ సంగతి వుల్ఫ్ ఇంటర్వ్యూల్లో తరచూ చెబుతుంటాడు. బడికి పెద్దలు వస్తున్నారు, పిల్లలు ఓ పాట పాడాలి. మనుషులంతా ఒక్కటేననే పంక్తి వచ్చినప్పుడు గుండెల నిండా ఊపిరి పీల్చుకుని పాడండి, అది విన్నవాళ్ల మనసుల్లోని వివక్ష ముక్కలైపోతుంది అని ప్రిన్సిపాల్ చెప్పారట. పిల్లలు నిజంగానే నమ్మి పాడారు. వేదిక మీద నిలబడి గట్టిగా ఓ మాటంటే ఎదుటివాడి బుర్రలో ఏదో కదులుతుందన్న నమ్మకం అక్కడే మొలకెత్తింది.

పన్నెండు పదమూడేళ్ల వయసులో రెండో మలుపు. తల్లి పైచదువుకని వేసవిలో న్యూయార్క్ వెళ్తూ కొడుకునూ వెంట తీసుకెళ్లింది. అక్కడ మూడు ప్రదర్శనలు చూశాడు. ఒకటి, అందరూ నల్లవాళ్లే నటించిన ‘హలో, డాలీ!’. అందులో పెర్ల్ బెయిలీ హీరోయిన్. రెండోది ‘వెస్ట్ సైడ్ స్టోరీ’. మూడోది పైసా ఖర్చులేకుండా చూసిన ‘హామ్లెట్’. జోసెఫ్ పాప్ అనే నిర్మాత షేక్‌స్పియర్ నాటకాలను లారీల మీద పేటలకు తీసుకెళ్లి ఊరికే వేయించేవాడు. ఆ డెన్మార్క్ యువరాజు వేషం కట్టింది క్లీవన్ లిటిల్ అనే నల్లజాతి నటుడు. సినిమా హాల్లోకే రానివ్వని ఊరి నుంచి వచ్చిన పిల్లాడికి, పార్కులో ఉచితంగా దొరికిన ఆ నాటకం ఎలా అనిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు. పాతికేళ్లు తిరిగేసరికి ఆ పాప్ కట్టిన సంస్థకే వుల్ఫ్ అధిపతి అయ్యాడు.

తొలి దెబ్బ, తొలి గెలుపు

కాలిఫోర్నియాలోని పొమోనా కాలేజీలో నాటకం చదివి 1976లో పట్టా పుచ్చుకున్నాడు. లాస్ ఏంజెలిస్‌లో కొన్నాళ్లు ఇన్నర్ సిటీ కల్చరల్ సెంటర్‌లో పాఠాలు చెప్పాడు, నాటకాలు రాశాడు, వేయించాడు. 1979లో న్యూయార్క్ చేరాడు. అక్కడ పొట్టపోసుకోవడానికి చేసిన ఉద్యోగాల్లో ఒకటి బాగా అక్కరకొచ్చింది. నల్లజాతి కళాకారుల ఫొటోలు, కాగితాలు, నోటిమాటగా చెప్పిన జ్ఞాపకాలు దాచే హాచ్-బిలాప్స్ కలెక్షన్‌లో ఆయన పనిచేశాడు. ఒకప్పుడు వేదికలను ఊపేసి, తర్వాత అయిపూ అజా లేకుండా పోయిన గాయకులు, హాస్యగాళ్లు, డాన్సర్లు అక్కడి కాగితాల్లో ఉండేవారు. ఆయన తర్వాతి నాటకాల్లో చాలా పాత్రలు అలాంటి లోకం నుంచి వచ్చినవే. 1983లో న్యూయార్క్ యూనివర్సిటీ నుంచి నాటక రచన, మ్యూజికల్ థియేటర్‌లో మాస్టర్స్ డిగ్రీ అందుకున్నాడు.

1985లో ‘ప్యారడైజ్!’ అనే మ్యూజికల్‌తో నగర రంగస్థలం మీద అడుగుపెట్టాడు. విమర్శకులు దుమ్మెత్తిపోశారు. ఇంకొకరైతే సొంతూరు బస్సెక్కేవారేమో. వుల్ఫ్ మాత్రం మరుసటి ఏడాదే ‘ద కలర్డ్ మ్యూజియం’తో వచ్చాడు. దాన్ని మొదట వేసింది న్యూజెర్సీలోని న్యూ బ్రన్స్‌విక్‌లో, క్రాస్‌రోడ్స్ థియేటర్‌లో. ఎడిసన్‌లో ఉంటున్న మన తెలుగువాళ్లకు అది పక్క ఊరే. నల్లజాతి కళాకారులు నడిపే ఆ సంస్థకు లీ రిచర్డ్‌సన్ సహవ్యవస్థాపకుడు. నాటకానికి దర్శకుడూ ఆయనే. అదే ఏడాది జోసెఫ్ పాప్ దాన్ని మన్‌హటన్‌లోని తన పబ్లిక్ థియేటర్‌కు తెచ్చుకున్నాడు. మరుసటి ఏడాది లండన్ రాయల్ కోర్ట్ థియేటర్ దాకా వెళ్లింది.

పదకొండు బొమ్మలు, వంద ప్రశ్నలు

ఆ మ్యూజియంలో మొత్తం పదకొండు ‘ప్రదర్శన వస్తువులు’. ఒక్కోటి ఒక్కో చిన్న నాటిక. ఒకదాంట్లో అద్దం ముందున్న రెండు విగ్గులు పోట్లాడుకుంటాయి. ఒకటి గుబురుగా ఉంగరాలు తిరిగిన ఆఫ్రో విగ్గు, రెండోది భుజాల మీద జారే పొడుగు జుట్టు. ప్రియుడితో తెగతెంపులు చేసుకోవడానికి వెళ్తున్న యజమానురాలు ఈరోజు ఎవర్ని నెత్తిన పెట్టుకోవాలన్నది గొడవ. జుట్టు తిన్నగా చేసుకోవడానికి రకరకాల రసాయనాలు వాడీ వాడీ ఆవిడకు సొంత జుట్టే మిగల్లేదు. నవ్వు ఆపుకోలేం. కానీ అందం కొలబద్దను ఎవరు తయారుచేశారన్న ప్రశ్న ఆ నవ్వు వెనకే వస్తుంది.

ఇంకోదాంట్లో సూటుబూటు వేసుకున్న మధ్యతరగతి నల్లజాతి ఉద్యోగి తన గతాన్ని చెత్తడబ్బాలో పారేస్తుంటాడు. కుర్రతనంలో తొడుక్కున్న బూట్లు, దువ్వెన, పాటల రికార్డులు ఒక్కొక్కటే పడుతుంటాయి. పక్కన నిలబడి అడ్డుపడుతున్న కుర్రాడు ఇంకెవరో కాదు, ఒకప్పటి తనే. చివరికి ఆ కుర్రాడి పీకనొక్కి అతన్నీ డబ్బాలో పడేస్తాడు. అంతలో డబ్బాలోంచి ఓ చెయ్యి లేచి ఇతని చెయ్యి పట్టేసుకుంటుంది.

అసలు పెద్ద దుమారం రేపింది మాత్రం సోఫా మీద కూర్చున్న అమ్మ నాటిక. 1959లో లొరెయిన్ హ్యాన్స్‌బెర్రీ రాసిన ‘ఎ రైజిన్ ఇన్ ద సన్’ నల్లజాతి రంగస్థలానికి తలమానికం. బైబిల్ పట్టుకున్న తల్లి, అణచివేతకు కుమిలిపోయే కొడుకు, కన్నీళ్లు, ఆత్మగౌరవం. దాని అడుగుజాడల్లో ఆ తర్వాత అలాంటివి లెక్కలేనన్ని వచ్చాయి. వుల్ఫ్ ఆ మూసనే పట్టుకుని ఆటాడించాడు. ఆయన నాటికలో ఎవరైనా గుండెలు బాదుకుని ఏడవగానే, కథ చెప్పే పాత్రధారి వచ్చి ఉత్తమ నటన అవార్డు చేతిలో పెట్టి వెళ్తాడు! విషాదం ముదిరేకొద్దీ నటుల పోటీ ముదురుతుంది. చివరికి అంతా కలిసి ఆటపాటల మ్యూజికల్‌గా మారిపోతుంది.

తెల్ల విమర్శకులు మెచ్చుకుంటే నల్లజాతి ప్రేక్షకుల్లో కొందరు మండిపడ్డారు. ఇంటిగుట్టు బయటపెట్టాడన్నారు, పూజనీయమైనదాన్ని ఎగతాళి చేశాడన్నారు. ఆ కోపంలో న్యాయం లేకపోలేదు. తెల్లవాళ్ల ముందు తమవాళ్లను నవ్వులపాలు చేసే వేషాలతో అమెరికా రంగస్థలం వందేళ్లు బతికింది. మళ్లీ నవ్వేమిటన్నది వాళ్ల బాధ. వుల్ఫ్ వాదన వేరు. కన్నీళ్లు పెట్టుకునే మంచివాళ్లుగా మాత్రమే కనబడాలంటే అదీ ఒక సంకెలే. నవ్వే హక్కు, తప్పులు చేసే హక్కు, దుర్మార్గుడిగా ఉండే హక్కు కూడా మనిషి హక్కులే. ఆయన తర్వాతి పనంతా ఈ వాదనకు కొనసాగింపు.

గొప్పవాడు, మంచివాడు కాదు

1990లో రచయిత్రి జోరా నీల్ హర్‌స్టన్ కథలను ‘స్పంక్’ పేరుతో వేదికకెక్కించి, దర్శకత్వానికి ఓబీ అవార్డు అందుకున్నాడు. దర్శకుడిగా చెయ్యి తిరిగింది. ఆ ధైర్యంతోనే న్యూయార్క్ పెద్ద నాటకశాలల వాడ బ్రాడ్వే మీదికి ఎవరూ ఊహించని హీరోను తెచ్చాడు.

జెల్లీ రోల్ మోర్టన్ న్యూ ఆర్లీన్స్‌లో పుట్టిన పియానో విద్వాంసుడు. జాజ్ సంగీతాన్ని కనిపెట్టింది తానేనని బాహాటంగా చెప్పుకున్నవాడు. తేలికరంగు క్రియోల్ కుటుంబంలో పుట్టి, తన ఒంట్లో ఆఫ్రికా రక్తం లేదని దబాయించేవాడు. నల్లవాళ్ల సంగీతంతో పేరు తెచ్చుకుని నల్లవాళ్లనే చీదరించుకున్న మనిషి. ఇలాంటివాడి మీద మ్యూజికల్ రాస్తే మామూలుగా గొప్పలన్నీ చూపించి, లోపాలను నాలుగు మాటల్లో కప్పేస్తారు. వుల్ఫ్ అతన్ని బోనెక్కించాడు.

‘జెల్లీస్ లాస్ట్ జామ్’ మోర్టన్ చనిపోయిన రాత్రి, 1941లో మొదలవుతుంది. స్వర్గానికీ నరకానికీ మధ్య ఓ నైట్‌క్లబ్. అక్కడ చిమ్నీ మ్యాన్ అనే మృత్యుద్వారపాలకుడు కూర్చుని, నీ కథ నిజంగా చెప్పు అంటాడు. మోర్టన్ కోతలు కోస్తాడు, అతను దులిపేస్తాడు. ఓ ఘట్టంలో మోర్టన్ ప్రాణస్నేహితుడికి హోటల్ గేటు దగ్గర నిలబడే నౌకరు వేసుకునే ఎర్రకోటు ఇచ్చి, నీ స్థాయి ఇదేనన్నట్టు అవమానిస్తాడు. సంగీతం హోరెత్తుతుంటే ప్రేక్షకులకు చప్పట్లు కొట్టాలో మొహం తిప్పుకోవాలో తెలియని పరిస్థితి.

1992 ఏప్రిల్‌లో బ్రాడ్వేలో మొదలైన ఈ ప్రదర్శనలో పెద్ద వయసు మోర్టన్‌గా గ్రెగరీ హైన్స్, కుర్ర మోర్టన్‌గా సేవియన్ గ్లోవర్ ట్యాప్ డాన్స్‌తో దుమ్ము దులిపారు. బ్రాడ్వే అత్యున్నత పురస్కారాలైన టోనీలకు పదకొండు నామినేషన్లు, మూడు అవార్డులు, 569 ప్రదర్శనలు. రాసిందీ, డైరెక్ట్ చేసిందీ వుల్ఫే.

పాప్ కుర్చీలో వుల్ఫ్

1993 ఆయన జీవితంలో నిద్రలేని ఏడాది. టోనీ కుష్నర్ రాసిన ‘ఏంజెల్స్ ఇన్ అమెరికా’ను బ్రాడ్వే మీదికి తెచ్చే బాధ్యత ఆయనకు అప్పగించారు. రెండు భాగాలు, రెండూ కలిపి ఏడు గంటలు. రీగన్ కాలం, ఎయిడ్స్‌తో రాలిపోతున్న యువకులు, పట్టించుకోని ప్రభుత్వం, ఇంటి కప్పు బద్దలుకొట్టుకుని దిగే దేవదూత. తాను స్వలింగ సంపర్కుడినని దాచుకోని వుల్ఫ్‌కు ఇది పరాయి కథ కాదు. ఆ రోగం తన స్నేహితులను, తోటి కళాకారులను ఎత్తుకుపోతున్న కాలం. మే 4న తొలి భాగం మొదలైంది. ఉత్తమ దర్శకుడిగా టోనీ వచ్చింది. ఇందులో నర్స్ పాత్రతో మరుసటి ఏడాది టోనీ గెలిచిన జెఫ్రీ రైట్ తర్వాత ఆయన నాటకాల్లో తరచూ కనిపించాడు.

రిహార్సల్స్ నడుస్తుండగానే ఇంకో పిలుపు. జోసెఫ్ పాప్ 1991లో కన్నుమూశాడు. వారసురాలిగా వచ్చిన జోఆన్ అకలైటిస్‌ను రెండేళ్లయినా కాకుండానే బోర్డు తప్పించింది. మార్చిలో ఆ కుర్చీ వుల్ఫ్‌కు దక్కింది. అప్పటికి ఆయన వయసు 38.

పబ్లిక్ థియేటర్ అంటే ఒక్క హాలు కాదు. లఫాయెట్ వీధిలోని పాత ఆస్టర్ లైబ్రరీ భవనంలో చిన్నాపెద్దా వేదికలు, సెంట్రల్ పార్కులో వేసవి రాత్రుల్లో ఉచితంగా షేక్‌స్పియర్ ఆడే డెలాకోర్ట్, దేశంలోని కొత్త రచయితలందరి ఆశలు. నగరంలోని సబ్‌వే స్టేషన్‌లో ఎలాంటి జనం కనిపిస్తారో తన థియేటర్ లాబీలోనూ అలాంటి జనమే కనబడాలన్నది వుల్ఫ్ కోరిక. అందుకు తగ్గట్టే ఎంపికలు. 1992 లాస్ ఏంజెలిస్ అల్లర్లను చూసినవాళ్లు, దెబ్బలు తిన్నవాళ్లు, కొట్టినవాళ్లు అందరి మాటలనూ అన్నా డీవియర్ స్మిత్ ఒక్కతే వేదిక మీద అభినయించిన ‘ట్వైలైట్’కు న్యూయార్క్‌లో దర్శకుడు ఆయనే. 1995లో పార్కులో ‘ద టెంపెస్ట్’ ఆడించినప్పుడు ప్రాస్పెరోగా ప్యాట్రిక్ స్టూవర్ట్, అతని చేతికింద పనిచేసే ఏరియల్, కాలిబన్‌లుగా నల్లజాతి నటులు. షేక్‌స్పియర్ దీవిలో యజమాని ఎవరు, బానిస ఎవరు అన్నది విడమరచి చెప్పే పని లేకుండా పోయింది. 1998లో పాటలకు, చిన్న కచేరీలకు ‘జోస్ పబ్’ తెరిచారు. పేరు పాప్ జ్ఞాపకార్థమే.

డప్పు లాక్కుంటే కాళ్లున్నాయి

పబ్లిక్‌లో ఆయన గడిపిన పదకొండేళ్లలో తలమానికం ‘బ్రింగ్ ఇన్ ద నాయిజ్, బ్రింగ్ ఇన్ ద ఫంక్’. 1739లో దక్షిణ కరోలైనాలో స్టోనో నది దగ్గర బానిసలు తిరగబడ్డారు. డప్పులు మోగించుకుంటూ కదిలారు. మరుసటి ఏడాది వచ్చిన చట్టం బానిసలు డప్పులు మోగించడాన్ని నిషేధించింది. డప్పు పోతేనేం, దరువు కాళ్లలోకి దిగింది. అక్కణ్నుంచి ట్యాప్ డాన్స్ దాకా వచ్చిన ఆ దరువుతోనే నల్లవాళ్ల అమెరికా చరిత్రంతా చెబితే ఎలా ఉంటుంది? వుల్ఫ్‌కూ సేవియన్ గ్లోవర్‌కూ వచ్చిన ఆలోచన ఇదీ. గ్లోవర్‌కు అప్పటికి ఇరవైరెండేళ్లు.

వేదిక మీద మాటలు తక్కువ, బూట్ల అడుగునున్న లోహపు రేకుల చప్పుడు ఎక్కువ. ఇద్దరు కుర్రాళ్లు వీధుల్లో వాయించినట్టే ప్లాస్టిక్ బకెట్లు, వంటగిన్నెలు వాయిస్తారు. ఓడ అడుగున బంధించిన మనుషులు, చెట్టుకు ఉరేసిన మనిషి, పొలాలు వదిలి షికాగో ఫ్యాక్టరీలకు చేరిన కూలీలు అందరూ పాదాలతోనే మాట్లాడతారు. ఫ్యాక్టరీ దృశ్యంలో డాన్సర్ల అడుగులు కలిసి యంత్రం చప్పుడైపోతాయి. హాలీవుడ్ దృశ్యంలో తెల్ల బాలతారకు బదులు ఓ బొమ్మ, దాని పక్కన ఇకిలిస్తూ డాన్సు చేసే నల్ల ‘అంకుల్’. చివరికొచ్చేసరికి నేటి న్యూయార్క్. వేర్వేరు వేషాల్లో ఉన్న నలుగురు నల్లజాతి మగవాళ్లు ట్యాక్సీ కోసం చెయ్యెత్తుతారు. హోదా ఏదైనా, బట్టలేవైనా ఒక్క ట్యాక్సీ ఆగదు. జనం విరగబడి నవ్వే దృశ్యమది. ఆట అయ్యాక వాళ్లలో కొందరు బయటికొచ్చి అదే ట్యాక్సీ కోసం నిలబడాలి.

1996 ఏప్రిల్‌లో బ్రాడ్వేకు మారిన ఈ ప్రదర్శన 1,135 సార్లు ఆడింది. నాలుగు టోనీలు వచ్చాయి. అందులో దర్శకత్వానికి వుల్ఫ్‌దీ ఒకటి. నాటకానికొకటి, మ్యూజికల్‌కొకటి చొప్పున మూడేళ్లలో రెండు టోనీలు ఇంట చేరాయి.

చేతులు కాలిన రోజులు

లాభాపేక్ష లేని సంస్థకు బ్రాడ్వే హిట్ కామధేనువు. పాప్ కాలంలో ‘ఎ కోరస్ లైన్’ పదిహేనేళ్లు ఆడి పబ్లిక్‌ను పోషించింది. అలాంటిది మరొకటి దొరుకుతుందన్న ఆశ వుల్ఫ్‌ను తప్పుదారి పట్టించిందని చెప్పాలి. పార్కులో బాగా ఆడిన ‘ఆన్ ద టౌన్’ను 1998లో బ్రాడ్వేకు తీసుకెళ్తే 69 ప్రదర్శనలకే మూతపడింది. 2000లో ‘ద వైల్డ్ పార్టీ’ 68 ప్రదర్శనలతో సరిపెట్టుకుంది. రెండింటికీ కలిపి కోటి డాలర్లకు పైగా పోయాయని అప్పట్లో పత్రికలు రాశాయి. ఆ గాయం మానకముందే 2001 సెప్టెంబరు 11 దాడులు. దిగువ మన్‌హటన్‌కు జనం రావడమే తగ్గిపోయింది. బడ్జెట్‌కు కోతలు పడ్డాయి.

అంత గడ్డుకాలంలోనూ ఆయన నమ్మిన రచయితలను వదల్లేదు. సూజన్-లోరీ పార్క్స్ రాసిన ‘టాప్‌డాగ్/అండర్‌డాగ్’ ఇద్దరు అన్నదమ్ముల కథ. అన్న పేరు లింకన్, తమ్ముడి పేరు బూత్. దాన్ని 2001లో పబ్లిక్‌లో, తర్వాత బ్రాడ్వేలో వుల్ఫ్ డైరెక్ట్ చేశాడు. 2002లో పార్క్స్‌కు పులిట్జర్ వచ్చింది. నాటకానికి ఆ బహుమతి అందుకున్న తొలి ఆఫ్రికన్ అమెరికన్ మహిళ ఆమె. ఆ మరుసటి ఏడాది కుష్నర్, జనీన్ టెసోరిల ‘కెరొలైన్, ఆర్ చేంజ్’. 1963లో లూసియానాలో యూదుల ఇంట్లో బట్టలుతికే పనిమనిషి కథ. వాషింగ్ మెషీన్ పాడుతుంది, రేడియో పాడుతుంది, పనిమనిషి మాత్రం కోపాన్ని దిగమింగుకుంటుంది. న్యూయార్క్‌లో అంతంతమాత్రంగా ఆడినా, లండన్‌లో ఉత్తమ కొత్త మ్యూజికల్‌గా ఒలీవియే అవార్డు గెలిచింది.

2004లో పబ్లిక్ నుంచి తప్పుకున్నాడు. ఆయన స్థానంలోకి వచ్చిన ఆస్కర్ యూస్టిస్ ఎవరో కాదు. ‘ఏంజెల్స్’ను లాస్ ఏంజెలిస్‌లో తొలుత డైరెక్ట్ చేసిన ఇద్దరిలో ఒకడు. బ్రాడ్వేలో ఆయన చేజారిన నాటకం వుల్ఫ్‌కు దక్కింది, చివరికి వుల్ఫ్ కుర్చీ ఆయనకు దక్కింది.

ఈసారి నిజం మ్యూజియం

అట్లాంటాకు పిల్లల దగ్గరికి వెళ్లే మన తల్లిదండ్రులు కోకా-కోలా మ్యూజియం, పక్కనే ఉన్న అక్వేరియం తప్పక చూసొస్తారు. ఆ రెంటినీ ఆనుకునే నేషనల్ సెంటర్ ఫర్ సివిల్ అండ్ హ్యూమన్ రైట్స్ ఉంది. 2014లో తెరిచారు. సృజన బాధ్యతలు చూసింది వుల్ఫ్. పౌరహక్కుల ఉద్యమం గ్యాలరీ ఆయన రూపకల్పనే. కలర్డ్ మ్యూజియం రాసినవాడి చేతికి నిజమైన మ్యూజియం వస్తే ఏం చేస్తాడు?

హోటల్ కౌంటరు లాంటి ఓ బల్ల, ముందు వరసగా ఎత్తు స్టూళ్లు. 1960 ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరోలో నలుగురు విద్యార్థులు తెల్లవాళ్లకే పరిమితమైన కౌంటర్‌లో కూర్చుని మొదలుపెట్టిన నిరసన ఊరూరా పాకింది. తిట్టినా, కొట్టినా చెయ్యెత్తకుండా కూర్చోవడానికి వాళ్లు శిక్షణ తీసుకునేవారు. ఇక్కడ వచ్చినవాళ్లు స్టూలెక్కి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, రెండు అరచేతులూ బల్ల మీద ఆన్చి, కళ్లు మూసుకోవాలి. చెవి పక్కన ఎవరో గుసగుసగా బెదిరిస్తారు. ఆ గొంతు ఎడమ నుంచి కుడికి మారుతుంది, అరుపవుతుంది. వెనకనుంచి ఎవరో తన్నినట్టు స్టూలు అదురుతుంది. ఎంతసేపు కూర్చోగలిగారో బల్ల మీద గడియారం చూపిస్తుంది. చెమ్మగిల్లిన కళ్లతో లేచేవాళ్ల కోసం పక్కన టిష్యూ పేపర్లు కూడా పెట్టారు. అహింస అంటే మెతకదనం అనుకునేవాళ్లు ఆ స్టూలు దిగాక ఇంకెప్పుడూ ఆ మాట అనరు.

వెండితెర మీద

సినిమాల్లోనూ ఆయన దారి ఇదే. 2005లో హెచ్‌బీఓకు తీసిన ‘లకవాన్నా బ్లూస్’ తర్వాత పెద్ద పేరు తెచ్చింది 2020 నాటి ‘మా రేనీస్ బ్లాక్ బాటమ్’. అగస్ట్ విల్సన్ నాటకానికి తెరరూపం. 1927లో షికాగోలోని రికార్డింగ్ స్టూడియో. బ్లూస్ గాయని మా రేనీ చల్లటి కోకా-కోలా తెస్తే తప్ప పాడనని భీష్మించుకుంటుంది. పొగరులా కనిపిస్తుంది. పాట రికార్డయిన మరుక్షణం తెల్ల నిర్మాతలకు తనతో పని తీరిపోతుందని ఆమెకు తెలుసు, అందుకే పాడేలోపే తన మాట నెగ్గించుకుంటోంది. ట్రంపెట్ వాయించే కుర్రాడు లెవీ ఓ మూసిన తలుపుతో కుస్తీ పడుతుంటాడు. చివరికి బద్దలుకొట్టి చూస్తే అవతల నాలుగువైపులా ఇటుక గోడలే. ఆ పాత్ర వేసిన చాడ్విక్ బోస్‌మన్ సినిమా విడుదలకు ముందే క్యాన్సర్‌తో చనిపోయాడు. మేకప్, కేశాలంకరణకు వచ్చిన ఆస్కార్‌ను అందుకున్నవారిలో మియా నీల్, జమీకా విల్సన్ ఆ విభాగంలో గెలిచిన తొలి నల్లజాతి మహిళలు.

2023లో వచ్చిన ‘రస్టిన్’ను ఒబామా దంపతుల సంస్థ నిర్మించింది. ఈ కథకు మన దేశంతో బంధుత్వముంది. బయార్డ్ రస్టిన్ 1948లో భారత్‌కు వచ్చి గాంధేయవాదుల దగ్గర సత్యాగ్రహ పద్ధతులు తెలుసుకున్నాడు. మాంట్‌గమరీ బస్సు బహిష్కరణ వేళ మార్టిన్ లూథర్ కింగ్‌కు అహింసా ఉద్యమపు మెలకువలు నేర్పినవారిలో ఆయనొకడు. 1963 ఆగస్టు 28న రెండున్నర లక్షల మంది కదిలిన వాషింగ్టన్ మార్చ్‌కు ఏర్పాట్లన్నీ చేసింది ఆయనే. బస్సులెన్ని, మరుగుదొడ్లెన్ని, సాండ్‌విచ్‌లో ఏం పెడితే ఎండకు పాడవదు అన్నవి కూడా ఆయన పట్టించుకున్న విషయాలే. స్వలింగ సంపర్కుడన్న కారణంగా సొంత ఉద్యమమే ఆయన్ను వెనక నిలబెట్టింది. ఆ పాత్రకు కోల్‌మన్ డొమింగో ఉత్తమ నటుడి ఆస్కార్‌కు నామినేట్ అయ్యాడు.

హిట్టయినా మరుపు తప్పదా?

2016లో వుల్ఫ్ మళ్లీ పాత కాగితాల్లోకి వెళ్లాడు. 1921లో నోబుల్ సిస్సిల్, యూబీ బ్లేక్, మిల్లర్, లైల్స్ అనే నలుగురు నల్లజాతి కళాకారులు కలిసి చేసిన ‘షఫుల్ అలాంగ్’ న్యూయార్క్‌ను ఊపేసింది. అంత పెద్ద హిట్టును తర్వాత లోకం ఎందుకు మరిచిపోయింది? వుల్ఫ్ ఆ ప్రశ్ననే మ్యూజికల్‌గా రాశాడు. మొదటి సగంలో ఆ నాటకం ఎలా తయారైందో చూపించి, రెండో సగంలో అదే మనుషులు విడిపోయి, కోర్టుల పాలై, అనామకులుగా మిగలడం చూపించాడు. పది టోనీ నామినేషన్లు వచ్చాయి. కానీ అది ‘హామిల్టన్’ మ్యూజికల్ టోనీలను ఊడ్చుకెళ్లిన ఏడాది, ఒక్క అవార్డూ దక్కలేదు. ప్రధాన తార ఆడ్రా మెక్‌డొనాల్డ్ గర్భవతి కావడంతో ఆమె లేకుండా నడపలేమని నిర్మాతలు వంద ప్రదర్శనలకే తెర దించేశారు.

రాసిన నాటకాలను లెక్కబెడితే వుల్ఫ్ ఖాతాలో పెద్ద సంఖ్యేమీ ఉండదు. దర్శకత్వం, సంస్థ బాధ్యతలు రచయితను మింగేశాయన్న మాట ఉంది. కొంత నిజమే. కలర్డ్ మ్యూజియం స్థాయి సొంత రచన మళ్లీ ఆయన కలం నుంచి విరివిగా రాలేదు. కానీ లెక్క అక్కడితో ఆపేస్తే కుదరదు. పార్క్స్, కుష్నర్, స్మిత్, గ్లోవర్, రైట్ వీళ్లందరి కెరీర్లో కీలక ఘట్టాల వెనక ఆయన చెయ్యి ఉంది. తనకంటూ పుస్తకాలు పెంచుకోకుండా ఇతరులకు వేదికలు పెంచిన రచయితలు ఎక్కడైనా అరుదే.

2024 జూన్‌లో టోనీ సంఘం జీవిత సాఫల్య పురస్కారమిచ్చింది. సాధారణంగా అది రిటైర్మెంట్ సన్మానం. ఆయన మాత్రం ఆ డిసెంబరులోనే ‘జిప్సీ’తో బ్రాడ్వేకు వచ్చాడు. కూతుళ్లను తారలను చేయాలని వెంటపడే తల్లి రోజ్ పాత్రను 1959 నుంచి బ్రాడ్వేలో తెల్ల నటీమణులే వేస్తూ వచ్చారు. వుల్ఫ్ దాన్ని ఆడ్రా మెక్‌డొనాల్డ్‌కు ఇచ్చాడు. పిల్లలకు ఎంత ప్రతిభ ఉన్నా తలుపులు ఎందుకు తెరుచుకోవన్న ఆ తల్లి ఆక్రోశానికి పాత నాటకంలో లేని ఇంకో కారణం కళ్లెదుటే నిలబడింది. అందరికీ కంఠతా వచ్చిన నాటకం కొత్త నాటకమై కూర్చుంది.

ఇంట్లోనే చూడాలంటే...

వుల్ఫ్ రంగస్థల ప్రదర్శనలు ఆయా హాళ్లతోనే ముగిసిపోయాయి. ‘ద కలర్డ్ మ్యూజియం’ను మాత్రం 1991లో అమెరికా పబ్లిక్ టెలివిజన్ ప్రసారం చేసింది. సినిమాల్లో ‘మా రేనీస్ బ్లాక్ బాటమ్’, ‘రస్టిన్’ రెండూ నెట్‌ఫ్లిక్స్ కోసం తీసినవే. కొత్తగా చూసేవాళ్లు ‘మా రేనీ’తో మొదలుపెట్టడం మంచిది. అందులో ఆఖరి దృశ్యం వచ్చేదాకా లేవకండి. లెవీ కట్టిన పాటను తెల్ల బ్యాండు వాయిస్తుంటుంది.